హీటరు కాదు, నీడ కావాలి

పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. ఆ మాట ఇప్పుడు కూరకే కాదు, సాలెపురుగుకు కూడా సరిపోతోంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. కుక్కలు, పిల్లులు, లవ్‌బర్డ్స్, రంగుచేపలు అయిపోయాయి. ఇప్పుడు కొందరు కుర్రవాళ్లకు అరచేయంత సాలెపురుగును గాజుపెట్టెలో పెట్టి పెంచాలన్న సరదా పట్టుకుంది. దాని పేరు టరాంటులా. సరదా సంగతి తర్వాత చూద్దాం. అది ఇంటికి రాగానే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "దీనికి ఏ హీటరు కొనాలి?"

ఎక్కడండీ ఈ ప్రశ్న? కాశ్మీరంలోనా? కాదు, మన రాయవేలూరులో! కత్తిరి ఎండలకు తారు రోడ్డు చెప్పులకు అంటుకునే ఊళ్లో! మన గుడియాత్తంలో మే నెల మధ్యాహ్నం కాకి కూడా చెట్టు దిగదు. అలాంటి చోట ఒక ప్రాణిని గాజుపెట్టెలో పెట్టి, దాని కింద కరెంటుతో వేడి పెట్టాలట!

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ప్రాంతంలో టరాంటులాకు హీటరు పెట్టడం మొదట తెలివితక్కువతనం, తర్వాత హింస, ఆపైన ఇంటికి ప్రమాదం. దానికి ఇక్కడ శత్రువు చలి కాదు, వేడి. కాదనేవాళ్లు ఉంటారని తెలుసు. వాళ్ల మాటలు ఒక్కొక్కటే తీసుకుని జవాబు చెబుతాను. పెద్దలు, ఉపాధ్యాయులు, తోటి విద్యార్థులు ఓపికగా చదవాలని కోరుతున్నాను.

దాని ఒళ్లు ఎలా పనిచేస్తుంది?

మనకు ఒంట్లోనే వేడి పుడుతుంది. ఎండాకాలమైనా చలికాలమైనా మన ఒళ్లు 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఎక్కువైతే చెమట పోసి చల్లబడుతుంది. సాలెపురుగుకు ఈ రెండూ లేవు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒళ్లూ అంతే. చెమట పట్టదు. వేడి ఎక్కువైతే దానికి తెలిసిన ఉపాయం ఒక్కటే: అక్కడినుంచి తప్పుకోవడం. నేలలో ఉండేది బొరియలో ఇంకా కిందికి పోతుంది. చెట్టు మీద ఉండేది తొర్రలో ఇంకా లోపలికి పోతుంది.

ఇంకో వింత ఉంది. మన కాలు ముడవడానికీ చాచడానికీ కండరాలు ఉన్నాయి. సాలెపురుగు కాలు ముడుచుకోవడానికి కండరం ఉంది గానీ, ముఖ్యమైన కీళ్ల దగ్గర చాచడానికి లేదు. ఒంట్లోని ద్రవాన్ని ఒత్తిడితో కాళ్లలోకి నెట్టి చాచుకుంటుంది. జేసీబీ బండి చేయి నూనె ఒత్తిడితో లేచినట్టు అనుకోండి. ఇప్పుడు ఆలోచించండి. ఒంట్లో నీరు ఎండిపోతే ఏమవుతుంది? ఒత్తిడి పోతుంది. కాళ్లు చాచుకోలేదు. ఎనిమిది కాళ్లూ కడుపు కిందికి ముడుచుకుపోతాయి. అలా ముడుచుకుని పడి ఉన్న సాలెపురుగును చూసి "చలికి ముడుచుకుంది పాపం" అని హీటరు ఇంకా పెంచేవాళ్లున్నారు! దాహంతో చచ్చేదాన్ని పొయ్యి మీద పెట్టినట్టే కదా!

ఆ సలహా ఎవరిది?

హీటరు పెట్టమని చెప్పే పుస్తకాలు, వీడియోలు ఎక్కువగా ఇంగ్లండు, జర్మనీ, అమెరికాల నుంచి వచ్చినవి. అక్కడ చలికాలంలో బయట నీళ్లు గడ్డకడతాయి. వేడి దేశంలో పుట్టిన ప్రాణిని ఆ చలిదేశానికి తీసుకుపోయారు కాబట్టి వాళ్లకు ఆ అవసరం వచ్చింది. తప్పు పుస్తకానిది కాదు. ఊరు మారినా లెక్క మార్చుకోని మనదే తప్పు. పైగా అక్కడ కూడా అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది ఏమిటంటే, ఆ గదిలో మీకు హాయిగా ఉంటే మీ సాలెపురుగుకూ హాయిగానే ఉంటుంది, వేరే హీటరు అక్కరలేదు అని. ఆ ఒక్క వాక్యం మాత్రం మనవాళ్ల చెవికెక్కదు. ఎందుకంటే దానికోసం కొనాల్సిన వస్తువేమీ లేదు!

లెక్క చూద్దాం. చాలా టరాంటులాలకు 22 నుంచి 28 డిగ్రీల వరకు బాగుంటుంది. 30 దాటినా నీళ్లు, నీడ ఉంటే ఓర్చుకుంటాయి. 35 దాటి గంటల తరబడి తప్పించుకునే దారి లేకుండా ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. మన వేలూరులో మార్గళి, తై నెలల రాత్రులు 18 డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అదీ బయట. తలుపు మూసిన ఇంట్లో అంతకన్నా వెచ్చగానే ఉంటుంది. ఆ కొద్ది రాత్రులు సాలెపురుగు కాస్త మందంగా ఉంటుంది, తిండి తగ్గిస్తుంది, అంతే. మరి మే నెలలో? 40 దాటడం మామూలే. 42, 43 కూడా చూస్తున్నాం. రేకుల ఇల్లయితే లోపల ఇంకా ఎక్కువ. అంటే ఏడాదిలో కొన్ని రాత్రుల చలికి భయపడి హీటరు కొంటున్నాం. నెలల తరబడి కాల్చే ఎండకు మాత్రం ఏ ఏర్పాటూ లేదు. ఇదేం లెక్కండీ?

హీటరు ఎలా చంపుతుంది?

అమ్మేవాళ్లు ఎక్కువగా అంటగట్టేది హీటింగ్ మ్యాట్. పలుచని ప్లాస్టిక్ పట్టీ, లోపల వేడెక్కే తీగలు. దాన్ని పెట్టె అడుగున పరచమంటారు. ఇక్కడే అసలు ప్రమాదం. సాలెపురుగుకు పుట్టుకతో వచ్చిన తెలివి ఏం చెబుతుంది? వేడి పైనుంచి వస్తుంది, సూర్యుడు పైనున్నాడు, కాబట్టి చల్లదనం కిందుంటుంది అని. వేడిగా ఉందని అది కిందికి తవ్వుతుంది. కిందేమో మ్యాట్! ఇంకా వేడి. ఇంకా తవ్వుతుంది. లక్షల ఏళ్లుగా దాన్ని కాపాడిన తెలివే దాన్ని చంపుతుంది. దీనికన్నా మోసం ఇంకేముంటుంది?

ఆ పైన మట్టి దుప్పటిలాగా పనిచేసి వేడిని బయటికి పోనివ్వదు. అడుగున వేడి పేరుకుపోతుంది. గాజు ఒకచోట కాలి ఒకచోట చల్లగా ఉంటే పగిలే అవకాశం ఉంది. మనం మాత్రం పైనున్న థర్మామీటరు చూసి 28 ఉంది కదా అని నిశ్చింతగా నిద్రపోతాం. ఎర్ర బల్బు పెడితే ఇంకో రకం గొడవ. అది పెట్టెలోని తడినంతా పీల్చేస్తుంది. సాలెపురుగు పెరిగేటప్పుడు పై పొరను విడుస్తుంది. ఆ సమయంలో ఒంట్లో నీరు తక్కువైతే పొరలోంచి కాలు బయటికి రాక అందులోనే ఇరుక్కుని చనిపోతుంది.

మా వీధిలో ఒక అన్న ఉన్నాడు. చెన్నైలో ఒక దుకాణంలో టరాంటులా కొన్నాడు. దుకాణంవాళ్లే మ్యాట్ కూడా అంటగట్టారు. థర్మోస్టాట్ ఇవ్వలేదు, అవసరమని చెప్పలేదు. మాసి నెలలోనే ఆ పురుగు కాళ్లు ముడుచుకుని చనిపోయింది. ఫోన్ చేసి అడిగితే వాళ్లు చెప్పిన జవాబు: "వేడి చాలలేదేమో!" ఆ అన్న మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆయనకు ప్రేమ లేదని నేననను. ప్రేమ ఉంది, దానికి తోడు తెలియాల్సింది ఎవరూ చెప్పలేదు. సొమ్ము తీసుకుని సగం మాట చెప్పేవాళ్లనే నేను తప్పుపడుతున్నాను.

ఇక ఇంటి సంగతి. గుడియాత్తం అగ్గిపెట్టెల ఊరు. కుట్టి శివకాశి అని పేరుంది. నిప్పుతో ఎలా మెలగాలో మనకు ఇంకొకరు చెప్పాలా? అగ్గిపుల్లల పని చేసే ఇళ్లలో పొయ్యి దగ్గరికి ఒక్క పుల్ల కూడా పోనివ్వరు. అలాంటి ఊళ్లో, వోల్టేజి ఎగిరిపడే కరెంటుకు, నాణ్యత తెలియని తీగను తగిలించి, దాని మీద ఎండిన కొబ్బరిపొట్టు పోసిన పెట్టె పెట్టి, రాత్రంతా వదిలేసి పడుకోవడం ఏం ధైర్యం?

నిజంగా చలి ఉన్నచోట

హీటరు ఎక్కడా వద్దే వద్దని నేననడం లేదు. ఏర్కాడులోనో ఊటీలోనో ఉండేవాళ్లకు, చలిదేశాల్లో చదువుకునే మన బంధువులకు అవసరం రావచ్చు. అప్పుడు పద్ధతి ఇది:

మొదట పెట్టెను కాదు, గదిని వెచ్చబెట్టాలి. అది కుదరకపోతేనే మ్యాట్. మ్యాట్ ఎప్పుడూ అడుగున పెట్టకూడదు. పెట్టె బయట, ఒక పక్క గోడకు, అదీ సగం కన్నా తక్కువ భాగానికే పెట్టాలి. అప్పుడు ఒకవైపు వెచ్చగా, ఇంకోవైపు చల్లగా ఉంటుంది. ఏది కావాలో ఆ ప్రాణి తానే ఎంచుకుంటుంది. థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ పెట్టనే కూడదు. థర్మోస్టాట్ కొలిచే మొన మ్యాట్‌కూ గాజుకూ మధ్యన ఉండాలి, ఎందుకంటే అన్నిటికన్నా వేడిగా ఉండేది అక్కడే. వెచ్చటి వైపొకటి, చల్లటి వైపొకటి, రెండు థర్మామీటర్లు కావాలి. నీళ్ల గిన్నె చల్లటి వైపు ఎప్పుడూ నిండుగా ఉండాలి. వేడి రాయి అని ఒకటి అమ్ముతారు, అది అసలు వద్దు. పురుగు దాన్నే పట్టుకుని కూర్చుంటే ఒళ్లు కాలుతుంది. ప్రాణిని లోపల పెట్టకముందే ఖాళీ పెట్టెను రెండు మూడు రోజులు నడిపి చూడాలి.

ఇంత జాగ్రత్త ఎందుకని విసుక్కునేవాళ్లు పెంచకండి. అదే మేలు.

మనకు కావలసింది చల్లదనం

ఇప్పటికే ఎవరి ఇంట్లోనైనా టరాంటులా ఉంటే, చిత్తిరై రాకముందే చేయాల్సిన పనులు ఇవి. మేడ మీద గది నుంచి కింది గదికి మార్చండి. ఉత్తరం గోడ పక్కన, ఎండ పడనిచోట పెట్టండి. గాజుపెట్టె మీద నేరుగా ఎండ పడితే కొద్దిసేపటికే అది పొయ్యి అయిపోతుంది. మన అవ్వలకు తెలిసిన ఉపాయాలు చాలు. తాగే నీళ్లు కుండలో ఎందుకు చల్లబడతాయి? కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. అదే సూత్రంతో తడిపిన గోనెసంచిని పెట్టెకు రెండు పక్కల కప్పండి. గాలి రంధ్రాలు మాత్రం మూయకండి. కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లండి. మరీ మండిపోతుంటే నీళ్లసీసాను గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, పెట్టె బయట ఒక పక్కన ఆనించండి. లోపల ఐసు పెట్టకండి. నీళ్ల గిన్నె ఎండనివ్వకండి. ఇందులో కరెంటు పోతే ఆగిపోయేది ఐసు ఒక్కటే.

"మేం కాపాడుతున్నాం" అనేవాళ్లకు

ఇప్పుడు అసలు వాదానికి వస్తాను. "అడవిలో ఉంటే చచ్చిపోతుంది, మేం పెంచి జాతిని కాపాడుతున్నాం" అంటారు కొందరు. వినడానికి బాగుంది. కానీ చరిత్ర ఏం చెబుతోంది?

1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మన దేశపు చెట్టు సాలెపురుగులకు శాస్త్రీయనామాలు పెట్టాడు. అందులో ఒకదాని పేరు పీసిలోథీరియా రెగాలిస్. రెగాలిస్ అంటే రాచఠీవి గలది. ఆ నమూనా దొరికిన ఊరు ఏది? మన అరక్కోణం! కాట్పాడిలో రైలెక్కితే గంట ప్రయాణం. ఆ రోజుల్లో అది ఉత్తర ఆర్కాటు జిల్లా, ఆ జిల్లాకు ముఖ్యపట్టణం చిత్తూరు. ఇప్పుడు రాణిపేట జిల్లా. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు విడిపోయాయి, సాలెపురుగు మాత్రం తూర్పు కనుమల చెట్లలో అలాగే ఉంది. ప్రపంచమంతా డబ్బుపెట్టి కొనే రాచ సాలెపురుగు మన పక్కూరిది. దాన్ని ఈ ఎండలకు ఎవరు పెంచారు? ఏ హీటరు పెంచింది?

అదే ఏడాది అదే పోకాక్ ఇంకొక దానికి పేరు పెట్టాడు. నీలం రంగులో లోహంలా మెరిసే సాలెపురుగు. అది దొరికింది అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిలవచేసే చోట. ఆ కలప ఎక్కడి అడవినుంచి వచ్చిందో దాంతోపాటు ఇదీ వచ్చి ఉంటుంది. తర్వాత వందేళ్ల పాటు దాని జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య అడవిలో మళ్లీ కనబడింది. 2008లో ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దాన్ని అతి తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. ఇప్పుడు ఐరోపాలో, అమెరికాలో ఎందరి గదుల్లోనో దాని పిల్లలు గాజుపెట్టెల్లో పెరుగుతున్నాయి. మంచిదే కదా అంటారా? ఆ వేల పిల్లల్లో ఒక్కటైనా నల్లమలకు తిరిగి వచ్చిందా? చలిదేశంలో హీటరు పక్కన పుట్టింది చలిదేశంలోనే చనిపోతుంది. అడవిలో చెట్టు పోతే ఇక్కడ జాతి పోతుంది. పెట్టెలో సంఖ్య పెరగడం వేరు, అడవిలో బతకడం వేరు.

ఈ వ్యాపారాన్ని అదుపు చేయాలనే 2019లో జెనీవాలో జరిగిన సైట్స్ సమావేశం పీసిలోథీరియా జాతులన్నిటినీ తన రెండో పట్టికలో చేర్చింది. అంటే అనుమతి పత్రం లేకుండా దేశాలు దాటించకూడదు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ చేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. సైట్స్ పట్టికల్లో ఉన్న ప్రాణిని బతికి ఉన్నది దగ్గర పెట్టుకున్నవాళ్లు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేసుకోవాలని అందులో ఉంది. "పురుగే కదా, ఎవరడుగుతారు" అని కొనే తమ్ముళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. పిల్లవాడి సరదాకు రేపు సంతకం పెట్టాల్సింది నాన్నగారే.

అసలైన థర్మోస్టాట్

పాత చింతచెట్టు తొర్రలో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు తెలుస్తుంది (చూడకుండా పెట్టకండి, లోపల ఎవరున్నారో!). బయట కొలిమిలా ఉన్నా లోపల చల్లగా ఉంటుంది. మందమైన చెక్క పగటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు, రాత్రి చలినీ రానివ్వదు. లోపల కాస్త తడి నిలుస్తుంది. వెచ్చదనం కావాలంటే సాలెపురుగు వాకిట్లోకి వస్తుంది, చల్లదనం కావాలంటే లోపలికి పోతుంది. వైరు లేదు, బిల్లు లేదు. ఏ కంపెనీ చేసిన థర్మోస్టాట్ దీనికి సాటి?

కానీ తొర్ర లేత చెట్టుకు రాదు. పాతికేళ్ల చెట్టుకూ అంత సులభంగా రాదు. తాతలనాటి చెట్టుకే వస్తుంది. రోడ్లు వెడల్పు చేసినప్పుడల్లా పోయేవి ముందు ఆ తాతచెట్లే. ఒకటి కొడితే పది మొక్కలు నాటుతున్నాం అంటారు. సంతోషం. ఆ పది మొక్కలకు తొర్ర వచ్చేదాకా సాలెపురుగు ఎక్కడుండాలి? గుడ్లగూబ ఎక్కడుండాలి? చిలుక ఎక్కడుండాలి? హీటరుకు పెట్టే డబ్బు, శ్రద్ధ, ప్రేమ మన వీధి చివరి పాత చెట్టు మీద పెడితే ఒకటి కాదు, వంద ప్రాణాలు బతుకుతాయి.

చివరిగా పెద్దలకు ఒక మనవి. సాలెపురుగును గాజుపెట్టెలో పెట్టి కాల్చేవాళ్ల గురించి ఇంతసేపు మాట్లాడాను. చూడగానే చీపురు తీసేవాళ్లూ ఉన్నారు. అమ్మా, అక్కా, భయం సహజమే. చెట్టు సాలెపురుగు కరిస్తే చాలా నొప్పి పుడుతుంది, కండరాలు పట్టేస్తాయి, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అందుకే పిల్లలు ముట్టుకోకూడదు. అయితే దాని కాటుకు మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయిన దాఖలా లేదు. అది మన ఇంటికి రావాలనుకోదు, బొద్దింకలనూ పురుగులనూ తిని దాని తొర్రలో అది బతుకుతుంది. ఇంట్లోకి దారితప్పి వస్తే వెడల్పాటి డబ్బా బోర్లించి, కింద అట్ట దూర్చి, చెట్టు దగ్గర వదిలితే చాలు.

తోటి విద్యార్థులారా! సాలెపురుగు మీద ఇష్టం ఉండటం తప్పు కాదు. నాకూ ఉంది. ఆ ఇష్టం నిజమైతే అరక్కోణంలో దానికి పేరు వచ్చిందని పదిమందికి చెప్పండి. మన బడి ఆవరణలో ఉన్న పాత చెట్లను లెక్కపెట్టి, తొర్రలున్నవాటికి సైన్సు మాస్టారితో కలిసి గుర్తు పెట్టండి. సాయంత్రం టార్చిలైటుతో దూరంనుంచి చూడండి, పటం గీయండి, రాసి పెట్టుకోండి. కొనకండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రోజే ఇంటికెళ్లి పెట్టె అడుగున చెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలితే ప్లగ్గు పీకేయండి. ఎండాకాలం దగ్గరికి వచ్చేసింది.